అరవై దాటాక బరువు తగ్గడానికి ఏ తిండి పద్ధతి మేలు? వరంగల్ వంటింటి నుంచి ఒక పోలిక

మోకాళ్ళ నొప్పులని వెళ్తే డాక్టరు "ఓ ఐదారు కిలోలు తగ్గండి" అని చెప్పి పంపిస్తారు. ఎలా తగ్గాలో వివరంగా చెప్పే టైమ్ ఓపీలో ఉండదు. మిగతాది చుట్టూ ఉన్నవాళ్ళు చెప్తారు. కాకతీయ యూనివర్సిటీ (కేయూ) గ్రౌండ్‌లో వాకింగ్‌కు వచ్చే దోస్తు అన్నం పూర్తిగా బంద్ పెట్టమంటాడు. హైదరాబాద్‌లో ఉన్న బిడ్డ కొర్రలు, సామలు పార్సిల్ చేస్తుంది. పక్కింటావిడ రాత్రి తిండి మానేశానని, నడుము తేలికైందని చెప్తుంది. అల్లుడు కొత్తగా వచ్చిన ఇంజక్షన్ సంగతి ఎత్తుతాడు. వింటున్న మనిషికి టెన్షన్ తప్ప దారి దొరకదు.

వీటిలో దేనితోనైనా కొన్ని కిలోలు తగ్గొచ్చు. కానీ ఈ వయసులో ఎన్ని కిలోలు తగ్గామన్నదాని కంటే ఆ తగ్గినదాంట్లో ఏం పోయిందన్నది ముఖ్యం. కొవ్వు పోతే లాభం, కండ పోతే నష్టం. నేను ప్రతి పద్ధతినీ మొదట ఈ లెక్కనే చూస్తాను.

## ముందు, మీరు నిజంగా తగ్గాలా?

టేపు తీసుకుని బొడ్డు దగ్గర నడుము కొలవండి. మగవాళ్ళకు 90 సెంటీమీటర్లు, ఆడవాళ్ళకు 80 సెంటీమీటర్లు దాటితే మనవాళ్ళలో షుగర్, గుండె జబ్బుల ముప్పు పెరుగుతుంది. తూకం మిషన్ కంటే ఈ కొలత ఎక్కువ చెప్తుంది. చేతులు, తొడలు సన్నబడి పొట్ట మాత్రం ముందుకొచ్చినవాళ్ళు మన దగ్గర చాలామంది ఉన్నారు. వాళ్ళకు బరువు తగ్గడం కంటే కండ పెంచుకోవడం ముందు పని.

ఇంకో పరీక్ష ఉంది. గోడకు ఆనించిన కుర్చీలో కూర్చుని, చేతులు ఛాతీ మీద కట్టుకుని, ఐదుసార్లు పూర్తిగా లేచి కూర్చోండి. పక్కన ఒక మనిషిని ఉండమనండి. దీనికి 15 సెకన్లకు మించి పడితే కాళ్ళలో బలం తగ్గినట్టు లెక్క. అలాంటివాళ్ళు కడుపు మాడ్చుకునే ఏ పద్ధతి జోలికీ పోకూడదు.

ఏ ప్రయత్నమూ చేయకుండానే ఆర్నెల్ల నుంచి ఏడాదిలోపు ఒంటి బరువులో 5 శాతం తగ్గితే, అంటే 60 కిలోల మనిషి 3 కిలోలు తగ్గితే, సంతోషపడకుండా డాక్టరు దగ్గరికి వెళ్ళాలి. అది జబ్బు గుర్తు కావచ్చు.

## దేన్ని చూసి ఎంచుకోవాలి

మొదటిది కండ. వయసుతో అది ఎలాగూ కరుగుతుంది, అరవై దాటాక ఇంకా తొందరగా. దానికి తోడు తిండి తగ్గించి బరువు దించితే, తగ్గినదాంట్లో దాదాపు పావు వంతు కండే ఉంటుంది. తర్వాత బరువు మళ్ళీ పెరిగితే వచ్చేది ఎక్కువగా కొవ్వు. రెండు మూడుసార్లు ఇలా తగ్గి పెరిగిన మనిషి, తూకం పాతదే అయినా, ముందుకంటే బలహీనంగా మిగులుతాడు. కండను నిలిపేది మాంసకృత్తులు (ప్రోటీన్లు), కాళ్ళకు చేతులకు పని. పెద్దవయసువాళ్ళకు రోజుకు కిలో బరువుకు 1 నుంచి 1.2 గ్రాముల మాంసకృత్తులు కావాలని వృద్ధాప్య వైద్య నిపుణులు చెప్తారు. 65 కిలోల మనిషికి 65 నుంచి 78 గ్రాములు. అన్నం, చారు, పచ్చడి, మజ్జిగతో గడిచే రోజులో అందులో సగం కూడా అందడం కష్టం. కిడ్నీ సమస్య ఉంటే మాత్రం ఈ లెక్క డాక్టరే చెప్పాలి.

రెండోది గోళీలు. షుగర్, బీపీ, థైరాయిడ్ మందుల్లో ఏదో ఒకటి లేని అరవై దాటిన ఇల్లు అరుదు. తిండి మారితే ఆ మందుల డోసు కూడా మారాల్సి రావచ్చు.

మూడోది పొయ్యి. ఇంట్లో అందరికీ ఒక వంట, మీకొక్కరికి ఇంకో వంట అంటే నెల దాటదు. రెండేళ్ళ తర్వాత కూడా మీరు ఇలాగే తినగలరా అని అడిగి చూసుకోండి. ఖర్చు, పళ్ళు, అరుగుదల ఆ తర్వాత వస్తాయి. అవి మనిషిని బట్టి మారతాయి.

## ఒకటి: ఇంటి తిండే, కంచంలో కొలత మార్పు

నా మొగ్గు దీనివైపే, కాబట్టి దీని గురించి ఎక్కువ చెప్తాను.

హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం, రోజు మొత్తం శక్తిలో ధాన్యాల వాటా 45 శాతం దాటకూడదు. 2000 కేలరీల రోజుకు 250 గ్రాముల ధాన్యం, 85 గ్రాముల పప్పుదినుసులు, 400 గ్రాముల కూరగాయలు, 300 మిల్లీలీటర్ల పాలు లేదా పెరుగు, 27 గ్రాముల నూనె వాళ్ళ లెక్క. మన కంచంలో ఇది తిరగబడి ఉంటుంది. అన్నం కుప్ప, పక్కన రెండు గరిటెల కూర. 2025 ఉగాది నుంచి రేషన్‌లో మనిషికి 6 కిలోల సన్నబియ్యం ఉచితంగా వస్తున్నాయి. అది మంచి సంగతే. కానీ కడుపు నింపడానికి చేతికి అందేది మళ్ళీ అన్నమే అవుతోంది.

ఒక లెక్క వేసి చూద్దాం. పూటకు 120 గ్రాముల బియ్యం అన్నం తినే మనిషి దాన్ని 70 గ్రాములకు తగ్గించాడనుకుందాం. రెండు పూటలకు 100 గ్రాములు, అంటే దాదాపు 350 కేలరీలు తగ్గాయి. ఆ చోట ఒక ఉడికించిన గుడ్డు, 40 గ్రాముల బొబ్బర్లతో చేసిన గుడాలు చేర్చితే 200 కేలరీలు తిరిగి వస్తాయి. వాటితో పాటు 14 గ్రాముల మాంసకృత్తులూ వస్తాయి. కూరలో, తాలింపులో రోజుకు రెండు చిన్న చెంచాల నూనె తగ్గితే ఇంకో 90 కేలరీలు పోతాయి. మొత్తం మీద రోజుకు 240 తగ్గాయి, ఆకలి మాత్రం లేదు. నెలకు ఒక కిలో దగ్గర దిగుతుంది. ఈ వయసుకు ఆ వేగం చాలు. 70 కిలోల మనిషి ఆర్నెల్లలో నాలుగైదు కిలోలు తగ్గినా, ఒక్కో కిలోకు నడిచే ప్రతి అడుగులో మోకాలి మీద దాదాపు నాలుగు కిలోల భారం తగ్గుతుంది.

అన్నం తగ్గింది కదా అని కంచం బోసిగా ఉంచకూడదు. ముందు కూర పెట్టుకోండి, తర్వాత పప్పు, ఆఖరున అన్నం. తోటకూర, గంగవాయిల కూర, పుంటికూర, సొరకాయ, బీరకాయ మన మార్కెట్‌లో దొరకని రోజు ఉండదు. ఆకుకూర పప్పు గట్టిగా ఉండాలి. నీళ్ళపప్పులో పప్పు కంటే నీళ్ళే ఎక్కువ. చెరువుల జిల్లా కాబట్టి రవ్వ, బొచ్చె చేపలు తాజాగా దొరుకుతాయి. వారానికి రెండుసార్లు పులుసు పెట్టుకుంటే ఒక్కో 100 గ్రాముల ముక్కతో 18 గ్రాముల దాకా మాంసకృత్తులు అందుతాయి. వేపుడు చేస్తే ఆ లాభంలో చాలా భాగం నూనెలో పోతుంది. కోడికూర తినేవాళ్ళు తోలు తీయించి, కూరలో పైకి తేలిన నూనె పక్కకు తీసి తినొచ్చు.

నూనెను కొలవడానికి సులువైన దారి నెల డబ్బా. ఇద్దరే ఉండే ఇంట్లో అన్నీ కలిపి నెలకు 1.75 లీటర్లు దాటకుండా చూసుకోండి. తొలిరోజు డబ్బా మీద పెన్నుతో వారానికో గీత పెడితే చాలు.

ఈ పద్ధతిలో కష్టం ఏమిటంటే మొదటి వారాల్లో తూకంలో పెద్దగా ఏమీ కనిపించదు. పక్కవాడు పది రోజుల్లో మూడు కిలోలు తగ్గానని చెప్తుంటే ఓర్చుకోవాలి. ఇంట్లోవాళ్ళ ప్రేమ ఇంకో కష్టం. "ఇంకొంచెం పెట్టుకో బాపూ, ఏం తిన్నవని" అని కోడలు గరిటె ఎత్తితే కాదనడం తేలిక కాదు. ఆ గరిటె కూరదైతే వద్దనకండి. ఈ మాట ముందే ఇంట్లో చెప్పి ఉంచండి.

## రెండు: జొన్న రొట్టె, గట్క, చిరుధాన్యాలు

మన అవ్వలు, తాతలు తిన్న తిండి ఇదే, నోటికీ ఒంటికీ కొత్త కాదు. 100 గ్రాముల జొన్నల్లో దాదాపు 10 గ్రాముల పీచు ఉంటుంది, తెల్ల బియ్యంలో 3 గ్రాములు కూడా ఉండదు. పీచు వల్ల కడుపు తొందరగా నిండుతుంది, షుగర్ నెమ్మదిగా ఎక్కుతుంది. కానీ కేలరీల్లో పెద్ద తేడా లేదు. 100 గ్రాముల జొన్నలైనా బియ్యమైనా 330 నుంచి 360 మధ్యే. కొర్రలైనా సామలైనా అంతే. అందువల్ల అన్నం తిన్నంత కొర్రన్నం తింటే బరువు కదలదు. రెండు రొట్టెలు తిని "పెరుగన్నం లేకపోతే తిన్నట్టే ఉండదు" అని ఆ పైన అన్నం పెట్టుకునే ఇళ్ళలో ఇంకా పెరుగుతుంది.

రాత్రికి రెండు చిన్న జొన్న రొట్టెలు, కప్పు నిండా కూర, ఒక గిన్నె పెరుగు. ఇది మొదటి పద్ధతితో చక్కగా కలిసిపోతుంది. పళ్ళు లేనివాళ్ళకు గట్క నయం, రొట్టెను పప్పులో నానబెట్టుకున్నా సరే. పల్చటి రాగి జావ షుగర్‌కు మంచిదని చాలామంది పొద్దున్నే తాగుతారు. మెత్తగా ఉడికిన పిండి తొందరగా అరిగి షుగర్‌ను రొట్టె కంటే వేగంగా పెంచుతుంది. జావ తాగాలంటే చిన్న గ్లాసుతో ఆపి, తోడుగా గుడ్డో గుడాలో ఉంచుకోండి. థైరాయిడ్ తక్కువగా ఉన్నవాళ్ళు సజ్జలను రోజువారీ తిండిగా పెట్టుకోకపోవడం మంచిది. పీచు ఒక్కసారిగా పెరిగితే కడుపుబ్బరం వస్తుంది, వారానికి రెండు రోజులతో మొదలుపెట్టి పెంచండి. నీళ్ళు బాగా తాగాలి.

రొట్టె కొట్టే చేతుల సంగతి కూడా ఆలోచించాలి. భుజం నొప్పి, మోకాళ్ళ నొప్పి ఉన్న అమ్మను రోజూ పొయ్యి ముందు నిలబెట్టి మీరు బరువు తగ్గడం న్యాయం కాదు. సాయంత్రం రోడ్డు పక్కన వేడివేడిగా రొట్టెలు కాల్చి అమ్మేవాళ్ళ దగ్గర తెచ్చుకోవచ్చు, లేదా మీరే కొట్టడం నేర్చుకోవచ్చు.

అన్నం వదలలేని షుగర్ మనుషులకు ఇంకో దారి తెలంగాణ సోనా. మన వ్యవసాయ విశ్వవిద్యాలయం 2015లో విడుదల చేసిన రకం, గ్లైసిమిక్ సూచిక (తిన్నాక షుగర్ ఎంత వేగంగా ఎక్కుతుందో చెప్పే అంకె) 51 చుట్టూ ఉంటుంది, అంటే తక్కువ శ్రేణిలో. కేలరీలు మాత్రం మామూలు బియ్యానివే, కాబట్టి కొలత తప్పదు.

## మూడు: రాత్రి తొందరగా తినడం, లేదా మానేయడం

ఒక్కపొద్దు మనకు అలవాటైనదే. శనివారమో సోమవారమో ఒక పూట తిని ఉండేవాళ్ళు ప్రతి వాడలో ఉన్నారు. దాన్నే రోజూ 16 గంటలు ఉపవాసం, 8 గంటల్లో తిండి అని ఇప్పుడు కొత్తగా చెప్తున్నారు. పరిశోధనల్లో తేలింది ఏమంటే, మొత్తం తిండి సమానంగా ఉంటే ఉపవాసంతో అదనంగా తగ్గేది పెద్దగా ఏమీ లేదు. రాత్రి చిరుతిండి ఆగుతుంది కాబట్టి తగ్గుతారు.

రాత్రి ఏడుకల్లా తిని, తెల్లారి ఏడు దాకా ఏమీ తినకపోవడం నాకు నచ్చిన పద్ధతి. నిద్ర, అరుగుదల కూడా బాగుంటాయి. అంతకు మించి గంటలు పెంచితే ఇబ్బందులు మొదలవుతాయి. రెండు పూటల్లో 65 గ్రాముల మాంసకృత్తులు తినడం ఈ వయసులో కష్టం, కండ పోతుంది. గ్లిమెపిరైడ్ లాంటి షుగర్ గోళీలు, ఇన్సులిన్ వాడేవాళ్ళకు ఇది ప్రమాదం కూడా. తిండి లేకుండా గోళీ పనిచేస్తే షుగర్ పడిపోతుంది. చెమటలు, వణుకు రాకముందే అయోమయం, తూలడం వచ్చి రాత్రి బాత్రూంలో పడిపోతారు. ఈ వయసులో తుంటి ఎముక విరిగితే కోలుకోవడం ఎంత కష్టమో చూసినవాళ్ళకు తెలుసు. పూట మానేసే ముందు డాక్టరుతో గోళీల సంగతి మాట్లాడి తీరాలి.

## నాలుగు: అన్నం, రొట్టె పూర్తిగా బంద్ చేసే కొవ్వు డైట్

కొబ్బరినూనె, వెన్న, మాంసం, నిమ్మరసంతో నడిచే ఈ రకం డైట్లు తెలుగువాళ్ళలో బాగా పాకాయి. మొదటి వారంలో రెండు మూడు కిలోలు తగ్గిన మాట నిజం. అందులో ఎక్కువ భాగం ఒంట్లోని పిండి నిల్వలతో పాటు పోయిన నీళ్ళే. షుగర్ కూడా తగ్గుతుంది, దాన్ని కాదనను. యువకులు కొందరు దీంతో బాగుపడ్డారు.

అరవై దాటినవాళ్ళకు నేను ఇది చెప్పను. డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ అనే షుగర్ గోళీలు వాడేవాళ్ళు పిండిపదార్థాలు పూర్తిగా మానేస్తే రక్తంలో ఆమ్లాలు పెరిగి ప్రాణం మీదికి రావచ్చు. అప్పుడు షుగర్ రీడింగ్ మరీ ఎక్కువగా కనిపించదు, అందుకే గుర్తుపట్టడం ఆలస్యమవుతుంది. మలబద్ధకం, కొందరిలో చెడు కొలెస్ట్రాల్ పెరగడం, కిడ్నీ సమస్య ఉన్నవాళ్ళకు ఇబ్బంది దీనికి తోడు. పైగా సద్దుల బతుకమ్మ నాడు పెరుగు సద్ది, నువ్వుల సద్ది మధ్య కూర్చుని ఏమీ ముట్టకుండా ఎన్నేళ్ళు ఉంటారు? డైట్ ఆపగానే బరువు వెనక్కి వస్తుంది.

## ఐదు: పౌడర్లు, షేకులు

తాగినన్నాళ్ళు తగ్గుతారు, ఆపితే పెరుగుతారు. డబ్బా ఖర్చుతో నెలంతా గుడ్లు, పాలు, పప్పులు కొనుక్కోవచ్చు. పళ్ళు లేక నమలలేనివాళ్ళు, ఆపరేషన్ తర్వాత నీరసపడ్డవాళ్ళు డాక్టరు చెప్తే మాంసకృత్తుల పౌడర్ వాడటం వేరు, అది అవసరమే. కొనేముందు చక్కెర ఎంత ఉందో డబ్బా మీద చదవండి.

## ఆరు: ఇంజక్షన్లు

సెమాగ్లూటైడ్, టిర్జెపటైడ్ బరువు తగ్గించే ఇంజక్షన్లుగా 2025లో మన మార్కెట్‌కు వచ్చాయి. ఇవి పనిచేస్తాయి. సెమాగ్లూటైడ్ పరీక్షల్లో ఏడాదిన్నర కంటే కొంచెం తక్కువ కాలంలో సగటున 15 శాతం బరువు తగ్గింది. ఆపేసిన ఏడాదిలో తగ్గినదాంట్లో మూడింట రెండు వంతులు తిరిగి వచ్చింది. చాలా లావుగా ఉండి, షుగర్‌తో పాటు గుండె జబ్బో, నిద్రలో ఊపిరి ఆగే సమస్యో ఉన్నవాళ్ళకు డాక్టరు చెప్తే వీటిని తక్కువగా చూడనక్కర్లేదు. కానీ ఆకలి చచ్చిపోయిన పెద్దమనిషి రెండు ముద్దలతో లేస్తే కండ వేగంగా కరుగుతుంది. ఆ రెండు ముద్దల్లో గుడ్డు, పప్పు, చేప ఉండాలి. అంటే ఇంజక్షన్ తీసుకున్నా మొదటి పద్ధతి నేర్చుకోక తప్పదు.

## ఒక చూపులో

| పద్ధతి | కండ నిలుస్తుందా | షుగర్ గోళీలతో | ఇంటి వంటతో | రెండేళ్ళు నడుస్తుందా |
|---|---|---|---|---|
| కంచంలో కొలత మార్పు | గుడ్డు, పప్పు పెంచితే నిలుస్తుంది | భద్రం, డోసు ఒకసారి చూపించుకోవాలి | అదే వంట | నడుస్తుంది |
| జొన్న, చిరుధాన్యాలు | పప్పు తోడుంటే నిలుస్తుంది | మంచిది | రొట్టె కొట్టేవాళ్ళు కావాలి | ఒక పూటకైతే నడుస్తుంది |
| రాత్రి ఏడుకల్లా తిండి | నిలుస్తుంది | చాలామందికి భద్రం | ఇంటి టైమ్ మారాలి | నడుస్తుంది |
| 16 గంటల ఉపవాసం | అనుమానం | ప్రమాదం ఉంది | కుదరొచ్చు | కొందరికే |
| కొవ్వు డైట్ | మనిషిని బట్టి | కొన్ని గోళీలతో ప్రమాదం | వేరే వంట | కష్టం |
| షేకులు | కొంతవరకు | చక్కెర చూసుకోవాలి | వంటతో సంబంధం లేదు | నడవదు |
| ఇంజక్షన్లు | తిండి చూసుకోకపోతే పోతుంది | డాక్టరు డోసు మార్చాలి | అదే వంట, తక్కువ | వాడినన్నాళ్ళు |

## మీ ఇల్లు ఎలాంటిది?

పిల్లలు బయట, ఇంట్లో ఇద్దరే: మీకు అన్నిటికంటే తేలిక, వంట మీ చేతిలోనే ఉంది. మధ్యాహ్నం కొలిచిన అన్నం, రాత్రి ఏడుకు జొన్న రొట్టె. కొనుక్కొచ్చే మిక్చర్, బిస్కెట్లు ఇంట్లోకి రానివ్వకండి. సంక్రాంతి సకినాలు పండుగ నాడు తృప్తిగా తినండి. నెలంతా డబ్బాలో మిగలకుండా తక్కువ చేసుకోండి, మిగిలినవి పంచిపెట్టండి.

ఒంటరిగా ఉన్న అమ్మ లేదా అత్తమ్మ: అసలు సమస్య ఎక్కువ తినడం కాకపోవచ్చు. ఒక్కదాని కోసం వండుకోవడమెందుకని చాయ్, బ్రెడ్, పచ్చడన్నంతో గడిపేస్తారు. పొట్ట పెరుగుతుంది, కాళ్ళు సన్నబడతాయి. తగ్గించమని చెప్పే ముందు రోజూ రెండు గుడ్లు, గ్లాసు పాలు, గిన్నె పెరుగు అందేలా చూడండి. గుడ్డు తినకపోతే గుడాలు, పన్నీరు, గుప్పెడు పల్లీలు. శాకాహారి అయి ఏళ్ళ తరబడి మెట్‌ఫార్మిన్ అనే షుగర్ గోళీ వాడుతుంటే బి12 పరీక్ష ఒకసారి చేయించండి. కాళ్ళ తిమ్మిర్లకు అది కారణం కావచ్చు.

ఉమ్మడి కుటుంబం: వేరే వంట అడగకండి. అదే కూర, అదే పప్పు, మీ కంచం చిన్నది. వంటింట్లో నూనె తగ్గితే అందరికీ మేలే.

సాయంత్రం మందు అలవాటున్నవాళ్ళు: 60 మిల్లీలీటర్ల పెగ్గులోనే 140 కేలరీల దాకా ఉంటాయి, పక్కన వేపుడు పల్లీలు, చికెన్ పకోడీ వేరే. తిండి పద్ధతి ఏదైనా ముందు ఇక్కడే తగ్గించాలి. షుగర్ గోళీలు వేసుకుని ఖాళీ కడుపున తాగడం మరీ ప్రమాదం.

ఏది ఎంచుకున్నా వాకింగ్ ఒక్కటే సరిపోదు. పైన చెప్పిన కుర్చీ పరీక్షనే వ్యాయామంగా మార్చుకోండి. పదిసార్లు లేచి కూర్చోవడం, కొంచెం ఆగి మళ్ళీ పది, వారానికి మూడు రోజులు. లీటరు నీళ్ళ సీసాలు రెండు చేతుల్లో పట్టుకుని ఎత్తడం కూడా చేయొచ్చు.

అన్నీ ఒకేసారి మార్చకండి. మొదటి రెండు వారాలు రాత్రి పూట ఒక్కటే మార్చండి, తర్వాత మధ్యాహ్నం అన్నం కొలత, ఆ తర్వాత నూనె. షుగర్ మిషన్ ఉంటే ఈ రోజుల్లో పరగడుపున చూసి రాసుకోండి. 70 కంటే కిందికి పడితే వెంటనే చక్కెర నీళ్ళు తాగి, అదే రోజు డాక్టరుకు ఫోన్ చేయండి. బరువు వారానికోసారి, నడుము నెలకోసారి చాలు. మూడు నెలలకు కుర్చీ పరీక్ష మళ్ళీ చేయండి. బరువు తగ్గి, లేవడానికి ముందుకంటే ఎక్కువ టైమ్ పడుతుంటే తిండి తగ్గించడం అక్కడే ఆపి, మాంసకృత్తులు పెంచండి.